‘ఇమడలేదు’ అన్నది అభియోగం కాదు

ఉద్యోగం నుండి మనిషిని తొలగించటానికి యాజమాన్యాలు వాడే మాటలు కాలాన్నిబట్టి మారుతూ ఉంటవి. ఒకప్పుడు ధిక్కారం అన్నారు. తరువాత విశ్వాసం కోల్పోయామన్నారు. ఇప్పుడు మరింత మర్యాదగల మాట ఒకటి వాడుకలోకి వచ్చినది: “మా వాతావరణంలో ఇమడలేదు.” పని రాదని కాదు, హాజరు తక్కువని కాదు, సొమ్ము కాజేశాడని కాదు; అతని స్వభావం మాకు సరిపడదని మాత్రమే. భిలాయి పరిసర పారిశ్రామికవాడలలో ఈ మాట విని ఇంటిదారి పట్టిన యువకులను మన కార్యకర్తలు ఎరుగుదురు. వారిలో తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుండి వలస వచ్చిన తెలుగు కుటుంబాల బిడ్డలు కూడా ఉన్నారు.

ప్రైవేటు కర్మాగారాల ఈ గొడవతో రైల్వే, తపాలా ఉద్యోగులకు ఏమి సంబంధమని కొందరు సోదరులు అడుగవచ్చు. సంబంధం ఉన్నది. కారణం చెప్పకుండా తొలగించే అధికారాన్ని మన శాఖలలో కట్టడి చేసిన చరిత్ర మనది. ఆ చరిత్రను మరచినవారికి ఆ రక్షణ ఎంతోకాలం మిగలదు.

అభియోగం అంటే ఏమి? ఫలానా తేదీన, ఫలానా చోట, ఫలానా పని చేశావని వ్రాతపూర్వకంగా చెప్పటం. దానికి సంజాయిషీ ఇవ్వవచ్చు, సాక్షులను పిలువవచ్చు, అప్పీలు చేసుకొనవచ్చు. స్వభావంపై వేసిన నిందకు సంజాయిషీ ఏముంటుంది? నోరు విప్పితే తగవులమారి. ఊరకుంటే కలుపుగోలుతనం లేనివాడు. ఓవర్‌టైము లెక్క అడిగితే పేచీకోరు. అడుగకపోతే ఉత్సాహం లేనివాడు. ఎటు తిరిగినా తప్పు తప్పదు. విచారణ జరుగదు, ఎందుకంటే విచారించటానికి జరిగిన సంఘటనే లేదు.

పనిచోట నిజమైన ఘర్షణలు లేవని మనం అనటం లేదు. తోటివారిని దుర్భాషలాడేవాడు, స్త్రీలపట్ల అనుచితంగా ప్రవర్తించేవాడు, భద్రతా నియమాలను లెక్కచేయనివాడు ఉంటారు. అట్టివానిని సమర్థించటం సంఘం పని కాదు. కాని అతడు చేసినది ఒక పని. దానికి పేరున్నది, తేదీ ఉన్నది, ప్రవర్తనా నియమావళిలో చోటున్నది. చార్జిషీటు ఇవ్వండి, విచారణ జరపండి అనే మన కోరిక. పేరు పెట్టగల తప్పు ఉన్నప్పుడు ‘ఇమడలేదు’ అన్న మాటతో పనిలేదు. ఆ మాట వాడారంటే పేరు పెట్టగల తప్పు దొరకలేదన్న మాటే.

ఈ ‘సరిపడనివారు’ ఎవరో భిలాయి చరిత్రే చెబుతున్నది. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా వెలసి, 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగించిన ఈ ఉక్కు నగరం దేశపు రైలుమార్గాలకు పట్టాలు అందించినది. శంకర్ గుహ నియోగి 1960వ దశకంలో ఇక్కడి కోక్ ఓవెన్ విభాగంలో పనిచేసి, సంఘ కార్యకలాపాల కారణంగా ఉద్యోగం పోగొట్టుకొన్నవాడే. తరువాత దల్లీ-రాజహరా గనుల కార్మికులను సంఘటితపరచి, 1990లో భిలాయి ప్రైవేటు పరిశ్రమల వైపు దృష్టి సారించాడు. కార్మికులు అడిగినది జీవనవేతనం, ఉద్యోగ శాశ్వతత్వం, గుర్తింపు కార్డు. దానికి సమాధానంగా వేలాదిమంది పనిలోనుండి తొలగింపబడ్డారు. నిన్నటిదాకా పనికి వచ్చిన చేతులే సంఘం రసీదు పట్టుకొన్న మరునాడు పనికిరాకపోయినవి.

1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున నిద్రలో ఉన్న నియోగిని కాల్చిచంపారు. 2005లో సుప్రీంకోర్టు తుపాకి పేల్చినవానికి మాత్రమే శిక్ష ఖాయపరచినది. మిగిలిన ముద్దాయిలు నిర్దోషులుగా విడుదలైనారు. తొలగించినవారిని తిరిగి పనిలోకి తీసుకోవాలంటూ 1992 జులై 1న కార్మికులు భిలాయి పవర్‌హౌస్ స్టేషనులో రైలుపట్టాలపై బైఠాయించారు. పోలీసు కాల్పులలో పలువురు కార్మికులు నేలకొరిగారు. ఆ స్టేషను మీదుగా బండ్లు నడిపే ప్రతి రైల్వే కార్మికుడూ ఈ సంగతి తెలుసుకొని ఉండాలి.

ఇక మన సంగతి. పర్మనెంటు రైల్వే ఉద్యోగిని కూడా కారణం చూపకుండా, నోటీసు ఇచ్చి తొలగించటానికి రైల్వే ఎస్టాబ్లిష్‌మెంట్ కోడులో ఒకప్పుడు నిబంధన ఉండేది. ఈశాన్య సరిహద్దు రైల్వేలో ఒక సామాన్య ప్యూను అయిన మోతీరామ్ డేకా దానిని సవాలు చేశాడు. 1963 డిసెంబరులో సుప్రీంకోర్టు ధర్మాసనం ఆ నిబంధన రాజ్యాంగపు 311వ అధికరణానికి విరుద్ధమని కొట్టివేసినది. ఆజ్ఞలోని మర్యాదపదాలు కాక, దాని వెనుకనున్న అసలు కారణం చూడవలెనని 1974లో షంషేర్ సింగ్ కేసులో అదే న్యాయస్థానం ప్రొబేషనర్ల విషయంలో చెప్పినది.

తపాలాశాఖలో ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంట్లకు ఆ రక్షణ లేదని ప్రభుత్వం వాదించినది. 1977లో రాజమ్మ కేసులో, వారిది కూడా సివిల్ పోస్టేననీ, 311వ అధికరణం వారికీ వర్తిస్తుందనీ సుప్రీంకోర్టు తేల్చినది. అయినా మూడేళ్ళ సర్వీసు నిండనివారిని నోటీసుతో పంపివేసే నిబంధన ఇంకా ఉన్నది. గ్రామీణ డాక్ సేవకులలో కొత్తగా చేరిన పిల్లలను ‘ఇమడలేదు’ అనే మాట ఈ సందులోనుండే కాటువేయగలదు.

తీర్పులు ఉన్నంతమాత్రాన ధైర్యం వచ్చినట్లు కాదు. 1974 మే 8 నుండి 27 వరకు సాగిన రైల్వే సమ్మెలో విచారణ లేకుండానే 14(2) నిబంధన క్రింద ఉద్యోగాలు పోయినవి. 1977లో ప్రభుత్వం మారినప్పుడుగాని ఆ సోదరులు తిరిగి పనిలో చేరలేదు. విచారణ సాధ్యం కాదని అధికారి వ్రాసిపెడితే చాలు, ఆ దారి నేటికీ తెరచియే ఉన్నది. 1985లో తులసీరామ్ పటేల్ కేసు దానిని సమర్థించినది. కాగితంమీది హక్కుకు సంఘబలమే కాపలా.

ఇప్పుడు మన పక్కన పనిచేసేవారిని చూడండి. కోచ్‌లు శుభ్రపరచేవారు, ట్రాక్ పనులకు వచ్చే కాంట్రాక్టు కూలీలు, ఉక్కు కర్మాగారంలో గేటుపాసుమీద పనిచేసేవారు. వారికి తొలగింపు ఉత్తరువు కూడా అందదు. పాసు మళ్ళీ రాదు, అంతే. 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడు నిర్ణీతకాల ఉద్యోగాన్ని చట్టబద్ధం చేసినది. గడువు ముగిసినప్పుడు పంపివేస్తే అది రిట్రెంచ్‌మెంటు కాదు. ఎదురు ప్రశ్న వేసినవాని గడువు పొడిగించకుండా ఉంటే చాలు, కారణం చెప్పే బాధ కూడా యాజమాన్యానికి తప్పినది.

కనుక శాఖలన్నీ మూడు విషయాలలో జాగ్రత్త వహించవలెను. మొదటిది: ఎవరినైనా ‘సరిపడడు’ అని నోటిమాటతో పంపబోతే, ఏ పని చేశాడో, ఏ తేదీన చేశాడో వ్రాతలో ఇమ్మని ఆనాడే లేఖ పెట్టించాలి, నకలు శాఖ కార్యాలయంలో ఉండాలి. రెండవది: బలవంతపు రాజీనామాపై ఒంటరిగా సంతకం పెట్టవద్దని ప్రతి ప్రొబేషనరుకూ, ప్రతి డాక్ సేవకునికీ ముందే చెప్పి ఉంచాలి. మూడవది, అన్నిటికంటె కష్టమైనది: తోటి ఉద్యోగిపై ‘అందరికీ ఇబ్బందిగా ఉన్నాడు’ అన్న మూకుమ్మడి అర్జీ మన చేతికి వచ్చినప్పుడు దానిపై సంతకం చేయరాదు. తప్పు కనబడితే తప్పునే వ్రాయాలి. మనిషి నచ్చలేదని వ్రాసి ఇచ్చిన కాగితం రేపు మనమీదికే నమూనాగా తిరిగివస్తుంది.

సంఘాలు కలుపుగోలు మనుషులతో మాత్రమే నిర్మాణమైనవి కావు. అసురక్షితమైన పని చేయనన్న గ్యాంగ్‌మెన్, గంటలు మించి బండి నడపనన్న డ్రైవరు, లెక్క సరిచూడనిదే సంతకం పెట్టనన్న పోస్టుమాస్టరు అధికారుల దృష్టిలో ఎన్నడూ ‘ఇమిడిన’వారు కారు. వారి మొండితనం వలననే నేడు మనకు పనిగంటలున్నవి, సెలవులున్నవి, చార్జిషీటు అడిగే హక్కున్నది. ఆ హక్కును పక్కనున్న కాంట్రాక్టు కార్మికునికి కూడా సాధించి ఇవ్వటమే ఇప్పుడు మన ముందున్న పని.