కనబడతారా, కనబడతాయా?

పిల్లలకు పదేళ్ళు నిండకముందే విమానమెక్కించి, సముద్రం నడుమనున్న ఏదో ఒక దీవికి తీసుకువెళ్ళడం నేటి మధ్యతరగతి కుటుంబాలలో ఇంచుమించు ఒక సంస్కారంగా స్థిరపడింది. అన్నప్రాశన, అక్షరాభ్యాసం, ఆ తరువాత ద్వీపయాత్ర. దీనిపై నాకు ఆక్షేపణ లేదు. మా కాలంలో పిల్లవాడి తొలి యాత్ర అంటే బండి కట్టుకుని తీర్థానికి పోవడం, లేదా గోదావరి లాంచీలో పట్టిసీమకు పోవడం. ఇప్పటి పిల్లలు అండమానుకు పోతున్నారు. మంచిదే. నా పేచీ యాత్రతో కాదు, ఆ యాత్రాపట్టికలో సాధారణంగా కనబడే ఒక్క రోజుతో.

మొన్నటి సంక్రాంతి సెలవులలో మా అబ్బాయి, కోడలు, తొమ్మిదేళ్ళ మనుమరాలు, నేను చెన్నై మీదుగా వెళ్ళివచ్చాము. పోర్టుబ్లెయిరు పేరు 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురంగా మారింది గానీ, ఆటోవాళ్ళ నోట పాత పేరే వినబడుతున్నది. మనుమరాలికి ఇది తొలి విమానప్రయాణం, తొలి ద్వీపదర్శనం. విమానంలోనే ప్రశ్నలు మొదలుపెట్టింది: "తాతగారూ, ద్వీపం అంటే ఏమిటి?" పండితుణ్ణి ఈ ప్రశ్న అడిగితే ఊరుకుంటాడా! 'ద్వి' అంటే రెండు, 'అప్' అంటే నీరు; రెండు వైపులా నీరు గలది ద్వీపం, సంధిలో 'అప్' కాస్తా 'ఈప్' అయిందని చెప్పాను. "నాలుగు వైపులా ఉన్నాయి కదండీ నీళ్ళు?" అన్నది కిటికీలోంచి చూస్తూ. నిజమే. పాణిని కాలం నాటి వ్యుత్పత్తికి విమానంలోంచి చూసే సౌకర్యం లేదు. 'సమీపం' అన్న మాట కూడా ఇదే అచ్చులో పోతపోసినదేనని ఆ పిల్లకు చెప్పబోయి, నిద్ర వస్తున్నదనగా మానుకున్నాను. మీకు చెబుతున్నాను.

పిల్లలతో వెళ్ళేవారికి అక్కడ చూపవలసినవి చాలా ఉన్నాయి. జంగ్లీఘాట్ చేపల రేవుకు వెళ్ళండి. సముద్రం దాటి వచ్చామనుకున్న పిల్లకు అక్కడ అచ్చమైన శ్రీకాకుళం మాట వినబడింది. "మీదే ఊరమ్మా?" అని నేనడిగితే, చేపల బుట్ట ముందు కూర్చున్న ఆవిడ, "మా తాత సోంపేట కాణ్ణించి వొచ్చేసినాడండి ఎప్పుడో. మేవిక్కడే పుట్టేం" అన్నది. బెంగాలీ, తమిళం, హిందీలతో పాటు ఆ దీవులలో ఎక్కువమంది మాట్లాడే భాషలలో మనదీ ఒకటి. తెలుగు అంటే రెండు రాష్ట్రాల పటమని బడిలో నేర్చుకున్న పిల్లకు ఆ రేవు మంచి పాఠం.

సెల్యులార్ జైలు ఎలాగూ చూస్తారు. 1896లో మొదలై 1906లో పూర్తయిన ఆ కట్టడానికి ఏడు రెక్కలుండేవి. ఇప్పుడు మిగిలినవి మూడు. ఒక రెక్క ముఖం పక్క రెక్క వీపును చూస్తుంది. ఖైదీకి ఖైదీ కనబడకూడదని అలా కట్టారు. అక్కడ ఎద్దు స్థానంలో మనిషిని కట్టి కొబ్బరినూనె గానుగ ఆడించారు. మా కాకినాడవాళ్ళం గనుక, 1933 నాటి కాకినాడ బాంబు కేసులో శిక్షపడి అక్కడికి చేరిన ప్రతివాది భయంకరాచారి గారి సంగతి పిల్లకు చెప్పాను. రంప పితూరీలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొర గారి సంగతి కూడా చెప్పాను. ఆ మన్యం మనిషి అండమానులో శిక్ష అనుభవించి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారు. అడవివాడని చులకన చేసిన ప్రభుత్వం పోయింది, ఆయన పార్లమెంటుకు వెళ్ళారు.

స్వరాజ్ ద్వీపంలో (2018 డిసెంబరు వరకు దాని పేరు హేవ్‌లాక్) ఇసుక మీద ఒక గుల్లను ఏరి జేబులో వేసుకోబోయింది మా పిల్ల. గుల్లకు కాళ్ళు వచ్చాయి! సన్యాసి పీత అంటారు దానిని. దానికి సొంత డిప్ప చాలదు. ఎవరో వదిలిపోయిన గుల్లలో కాపురముంటుంది, ఒళ్ళు పెరిగితే మరొక ఖాళీ గుల్ల వెతుక్కుంటుంది. పగడాలు పట్టుకుపోవడం చట్టవిరుద్ధమని మేము ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని విషయం, ఆ పీత అర నిమిషంలో ఎక్కించింది. జేబులో ఉన్న మిగతా గుల్లలు కూడా తీసి పెట్టేసింది. అద్దె ఇల్లు దొరకకపోతే ఎంత కష్టమో ఆ పిల్ల తల్లిదండ్రుల మాటల్లో విన్నదే గదా.

ఇక మూడవ రోజు సంగతి. పట్టికలో 'బారాటాంగ్' అని ఉంది. ఏర్పాట్లు చూసే కుర్రవాడు మన విశాఖ వైపువాడే. మర్యాదస్థుడు, నా పెట్టె తానే మోశాడు. "తెల్లవారుజామున మూడున్నరకి బయల్దేరాలండి. సున్నపురాయి గుహలు, బురద అగ్నిపర్వతం, పడవ ప్రయాణం. పాయలో మొసళ్ళు కనబడతాయండి. అదృష్టం బాగుంటే దారిలో జారవాలు కూడా కనబడతాయండి" అన్నాడు.

కనబడతాయి! మొసళ్ళకూ జారవాలకూ ఒకే క్రియ.

చిన్నయసూరి మొదలుగా మన వ్యాకర్తలు నామవాచకాలను మహత్తులు, అమహత్తులు అని విభజించారు. ఏకవచనంలో స్త్రీని అమహత్తుల వరుసలో నిలబెట్టి 'వచ్చింది' అనిపించిన అన్యాయం మన భాషలో ఉన్నది, కాదనను. కాని బహువచనంలో ఆ తేడా లేదు. మనుషులైతే 'వచ్చారు', కానివైతే 'వచ్చాయి'. రెండేళ్ళ పసివాడికి కూడా ఎవరూ నేర్పకుండా వచ్చే వ్యాకరణమిది. మాట తొందరలో దొర్లిందందామా? అదే కుర్రవాడు మమ్మల్ని "మీరు సాయంత్రానికి వచ్చేస్తారండి" అన్నప్పుడు తడబడలేదే!

జారవాలు దక్షిణ, మధ్య అండమాన్ల పడమటి అడవులలో నివసించే మనుషులు. నాలుగైదు వందల మంది ఉంటారు. 'జారవా' అనేది పక్క తెగవారి భాషలో 'పరాయివాళ్ళు' అని అర్థమిచ్చే మాట; తమను తాము వారు 'ఆంగ్' అని చెప్పుకుంటారు. 1997 చివరిదాకా బయటివారితో మైత్రికి రాలేదు. వచ్చిన రెండేళ్ళకే, 1999లో, తట్టు సోకింది. 2006లో మళ్ళీ సోకింది. మనకు వారం రోజుల జ్వరం, ఆ రోగం ఎరుగని ఒంటికి ప్రాణాంతకం. వారి అడవి మధ్యలోంచి అండమాన్ ట్రంక్ రోడ్డు పోతున్నది. జిర్కాటాంగ్ కాపలాకేంద్రం దగ్గర వాహనాలను ఒక వరుసగా కూర్చి, నిర్ణీత వేళలలో పోలీసు రక్షణతో పంపుతారు. ఆగరాదు, ఫోటో తీయరాదు, ఏమీ ఇవ్వరాదు. ఆ రోడ్డును ఆ భాగంలో మూసివేయాలని సుప్రీంకోర్టు 2002లోనే ఆదేశించింది. మూయలేదు. ఆహారం ఆశచూపి జారవా స్త్రీలచేత నృత్యం చేయించిన వీడియో 2012 జనవరిలో బయటపడి లోకమంతా అసహ్యించుకున్నది. 2013 జనవరిలో కోర్టు పర్యాటకులను ఆపింది; మార్చిలో ఆ అడ్డు తొలగింది.

మా అబ్బాయి వాదన కూడా చెప్పాలి. "రంగత్, మాయాబందర్, డిగ్లీపూర్ వాళ్ళకి ఆ రోడ్డే ఆధారం నాన్నగారూ. ఆసుపత్రికి రావాలన్నా అదే. మనమొక్కళ్ళం మానేస్తే ఏమవుతుంది? చూడటానికి కాదు, గుహల కోసం వెళ్తున్నాం" అన్నాడు. మొదటి మాట న్యాయమైనది. ఉత్తరాన ఉన్నవారు రోగిని తీసుకుని ఆ దారిన వస్తే వారిని తప్పుపట్టే హక్కు నాకు లేదు. వారికి నమ్మకమైన ఓడ సౌకర్యం కల్పించవలసిన బాధ్యత ప్రభుత్వానిది. కాని మనం రోగులం కాము. గుహలంటారా, సున్నపురాయి గుహలు మనకు లేవా? నిరుడే మా పిల్లకు బొర్రా చూపించారు. బెలుం చూపించవలసి ఉంది. పడవ మీద మడ అడవి చూడాలంటే కాకినాడకు పాతిక కిలోమీటర్లు కూడా లేదు కోరంగి. బురద అగ్నిపర్వతం ఒక్కటే మన దగ్గర లేనిది. అది చూడకపోవడం నష్టమే, ఒప్పుకుంటాను. మిగిలినవన్నీ ఇంటి దగ్గరే ఉండగా, అర్ధరాత్రి లేచి ఆ దారినే పోవడానికి అంత గిరాకీ ఎందుకున్నదో ఆ కుర్రవాడి వాక్యంలో చివరి ముక్క చెబుతున్నది.

పిల్లను నాతో వదలడానికి కోడలు ఒప్పుకున్నది. నా వాదన గెలిచి కాదు, మూడున్నరకు పిల్ల లేవదని. డబ్బు కట్టేశాము గనుక వాళ్ళిద్దరూ వెళ్ళారు.

సాయంత్రం తిరిగివచ్చినప్పుడు పక్కగదిలోని తెలుగు కుటుంబం ఆత్రంగా అడిగింది: "ఏమైనా కనబడ్డాయా?" మా అబ్బాయి, నా ఇంట పుట్టి, నా దగ్గరే ఛందస్సు దాకా చదువుకున్నవాడు, "ఏమీ కనబడలేదండీ" అన్నాడు. 'ఎవరూ' అనలేదు. దిద్దుదామని నోరు తెరిచాను. ఇంతలో కోడలు అందుకున్నది: బస్సులో అందరూ పోనూ రానూ కిటికీలకు అతుక్కుపోయారట, ఎవరో "అదిగో" అంటే అటంతా ఒరిగారట, తీరా చూస్తే ఎండిన మోడు. అందరూ చాలా నిరాశపడ్డారట. దిద్దడం మానేశాను. తప్పు మా వాడి తెలుగులో లేదు. ఆ కిటికీ పక్కన ఎవరిని కూర్చోబెట్టినా వచ్చే వ్యాకరణం అదే. మా పిల్ల ఆ కిటికీ దగ్గర తన తొలి యాత్రాపాఠం నేర్చుకోలేదు; అది చాలు నాకు.

ఈ ఏడు వెళ్ళదలచినవారు ఆ రోజును పట్టికలోంచి కొట్టివేయమని ముందే చెప్పండి. బదులుగా ఏం చేయాలంటారా, మేమిద్దరం చేసినది చెబుతాను. ఉదయం మానవశాస్త్ర ప్రదర్శనశాలకు వెళ్ళాము. చిన్నదే, తొందరపడకుండా చూడవచ్చు. 1858లో ఆంగ్లేయులు ఖైదీల వలస పెట్టేనాటికి గ్రేట్ అండమానీ తెగలవారు వేల సంఖ్యలో ఉండేవారు. 1859లో అబర్డీన్ దగ్గర విల్లంబులతో తుపాకులను ఎదిరించారు. యుద్ధం కంటే తరువాత వచ్చిన రోగాలే ఎక్కువమందిని తిన్నాయి. 1961 నాటికి పందొమ్మిదిమంది మిగిలారు. వారి భాషలను అన్వితా అబ్బీ గారు దశాబ్దాల పాటు శ్రమించి నమోదు చేశారు. ఆ వ్యాకరణమంతా మానవశరీరం మీద నడుస్తుందట. మాట ముందు చేరే ఉపసర్గ, ఆ భావం శరీరంలోని ఏ భాగానికి చెందినదో చెబుతుందట. సంధులు, సమాసాలు చెప్పుకుంటూ ముప్ఫై ఏళ్ళకు పైగా బతికిన నాకు, ఇలాంటి వ్యాకరణం ఒకటి ఈ దేశంలోనే ఉన్నదని తెలిసి ఒళ్ళు పులకరించింది. అందులో 'బో' భాష మాట్లాడగలిగిన ఆఖరి మనిషి బోవా అనే వృద్ధురాలు. 2010 జనవరిలో కన్నుమూసింది.

"ఆఖరిదంటే, మరి ఆవిడ ఎవరితో మాట్లాడేది?" అని అడిగింది పిల్ల.

పక్షులతో మాట్లాడేదట, వాటికి తన భాష తెలుసని నమ్మేదట, అని చెప్పాను. అది అబ్బీ గారు రాసినదే, నా కల్పన కాదు. పిల్ల చాలాసేపు మాట్లాడలేదు.

సాయంత్రం చిడియాటాపుకు వెళ్ళాము. ఊరికి పాతిక కిలోమీటర్లు. పేరుకు అర్థమే పక్షుల దీవి. కొమ్మల్లో ఏవేవో కూస్తున్నాయి, నాకు ఒక్కదాని పేరూ తెలియదు. ఐదుంబావు కాకుండానే సూర్యుడు నీళ్ళలోకి దిగిపోయాడు. పిల్ల నా చేతి గడియారం చూసి, ఆగిపోయిందేమోనని చెవి దగ్గర పెట్టుకున్నది. అప్పుడు ఇసుక మీద పుల్లతో గీతలు గీసి చెప్పాను: దేశం మొత్తానికి గడియారం దిద్దే ఎనభైరెండున్నర డిగ్రీల రేఖ మన కాకినాడ దగ్గరగా పోతుంది, ఇక్కడికి వచ్చేసరికి మరో పది డిగ్రీలు తూర్పు, డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన నలభై నిమిషాలు. "అయితే మన ఇంట్లో ఇంకా ఎండ ఉందా?" అన్నది. ఉంటుందమ్మా, మరో అరగంట ఉంటుంది, అన్నాను.