వంద శాతం సరే, లెక్కకు రానివాళ్ల సంగతేమిటి?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగినప్పుడు, అందరిలాగే నేనూ నా ట్రంకుపెట్టె గురించో, హాస్టల్లో మొదటి రాత్రి ఏడుపు గురించో, ఆదివారం కోడిగుడ్డు కోసం కట్టిన వరుస గురించో రాద్దామనుకున్నాను. ఆ సంగతులు మనందరికీ ఉన్నాయి. ఎన్నిసార్లు చెప్పుకున్నా తనివి తీరదు. కానీ ఈసారి ఒక చేదు సంగతి చెప్పాలనిపించింది. ఇరవై ఏళ్లుగా లెక్కల మాస్టారుగా బతుకుతున్నవాణ్ని కనుక లెక్క గురించే చెబుతాను.

నేను పదో తరగతి రాసిన ఏడాది మా బడి గోడ మీద ‘ఉత్తీర్ణత నూటికి నూరు శాతం’ అని పెద్ద అక్షరాలతో రాయించారు. హాస్టల్ నుంచి పదో తరగతిలో ఉన్నది పదకొండు మందిమి. పరీక్ష రాసింది తొమ్మిది మందిమే. మిగిలిన ఇద్దరి పేర్లు నామినల్ రోల్స్‌లో వెళ్లలేదు. అర్ధ సంవత్సర పరీక్షల్లో లెక్కల్లోనూ ఇంగ్లీషులోనూ బాగా తక్కువ వచ్చాయని, ‘వచ్చే ఏడు రాద్దువుగానిలే’ అని వాళ్లకు నచ్చజెప్పారు. వచ్చే ఏడు ఇద్దరిలో ఒక్కడూ తిరిగి రాలేదు. ఒకడు తాపీ పనికి పోయాడు. రెండోవాడు మా మండలంలో ఆటో నడుపుతున్నాడు. మొన్నామధ్య బస్టాండు నుంచి నన్ను బడి దగ్గర దింపి, డబ్బులిస్తే తీసుకోకుండా, “నువ్వు ఆ వందలో ఉన్నోడివి కదరా, నీ దగ్గర తీసుకుంటానా!” అని నవ్వాడు. వాడు నవ్వాడు గానీ నాకు నవ్వు రాలేదు.

ఎవరినో బోనులో నిలబెట్టడానికి ఇది రాయడం లేదు. ఆ రోజుల్లో పైనుంచి అడిగింది శాతం. బడి ఇచ్చింది శాతం. పిల్లల లెక్క అడిగి ఉంటే పిల్లల లెక్కే చెప్పేవారేమో! ఏ లక్ష్యం పెడితే ఆ లక్ష్యమే నెరవేరుతుంది. అందుకే లక్ష్యం పెట్టేటప్పుడే జాగ్రత్త పడాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే.

శాతం చెప్పనివి

పరీక్షా ఫలితాలు చూసి బడిని బాగుచేసుకోవాలన్న మాటతో నాకు పేచీ లేదు. ఫలితం చూడకుండా బడి నడపడం కళ్లకు గంతలు కట్టుకుని బండి తోలడమే. పేచీ అంతా ఆ ఒక్క అంకెతోనే.

ఒక ఉదాహరణ చూడండి. 2020లోనూ 2021లోనూ కరోనా వల్ల పదో తరగతి పబ్లిక్ పరీక్షలు జరగలేదు. పరీక్ష రాయకుండానే అందరూ పాసయ్యారు. 2022లో పరీక్షలు పెడితే ఆంధ్రప్రదేశ్‌లో పాసైంది 67.26 శాతం. ఏడాదిలో రాష్ట్రంలోని పిల్లల తెలివితేటలు మూడో వంతు ఆవిరైపోయాయా? లేదు. రెండేళ్ల పాటు బడి సరిగా నడవని నష్టం లోపల ఎప్పటినుంచో ఉంది. అది కనపడింది 2022లో. అంతకు ముందటి వంద శాతం దాన్ని కప్పిపెట్టింది, అంతే.

రెండో సంగతి. మనలాంటి హాస్టల్లో పదో తరగతి పిల్లలు ఏ ఇరవై మందో ఉంటారు. ఇరవై మందిలో ఒక్కడు తప్పితే శాతం అయిదు తగ్గుతుంది. పోయిన ఏడు 95, ఈ ఏడు 90 అని సమీక్షా సమావేశంలో తలలు దించుకుంటాం. నిజానికి తేడా ఒక్క పిల్లవాడు. పైగా పోయిన ఏటి పిల్లలు వేరు, ఈ ఏటి పిల్లలు వేరు. వేర్వేరు పిల్లల్ని పక్కపక్కన పెట్టి, పెరిగాం, తగ్గాం అనడం అన్న చొక్కా కొలతతో తమ్ముడికి కుట్టించడం లాంటిదే. అదే పిల్లవాడు జూన్‌లో ఎక్కడున్నాడు, డిసెంబరులో ఎక్కడున్నాడు అన్నది అసలు ప్రశ్న.

మూడో సంగతి అన్నిటికంటే ముఖ్యమైనది. శాతం కట్టేటప్పుడు కింద ఏ సంఖ్య వేస్తున్నాం? పరీక్ష రాసినవాళ్లనా, చేరినవాళ్లనా? ఆరో తరగతిలో మన హాస్టల్లో పెట్టె దింపుకున్న వాళ్లలో ఎందరు పదో తరగతి గట్టెక్కారు? మధ్యలో మిరపకోతలకని వెళ్లి తిరిగిరానివాడు, పెళ్లి చేసి పంపేసిన ఆడపిల్ల, జబ్బు చేసి ఆగిపోయినవాడు ఏ శాతంలో ఉన్నారు? ఆ లెక్క వేస్తే మన గోడల మీద రాతలు చాలా వరకు చెరిపేసుకోవాల్సి వస్తుంది.

అడ్డంగా కాదు, నిలువుగా చదవాలి

పరీక్ష పెడతాం, దిద్దుతాం, మార్కులు రిజిస్టరులో ఎక్కిస్తాం, పేపర్లు కట్టగట్టి బీరువాలో పెడతాం. మార్కుల జాబితాను ఎప్పుడూ అడ్డంగానే చదువుతాం. ఫలానా నంబరు వాడికి ఇన్ని, ఫలానా వాడికి ఇన్ని. నేనూ చాలా ఏళ్లు అలాగే చేశాను.

కొన్నేళ్ల కిందట ఎనిమిదో తరగతికి శాతాలు, లాభనష్టాల మీద యూనిట్ పరీక్ష పెట్టాను. 38 మందిలో ఎక్కువమంది తప్పారు. అలవాటు ప్రకారం ‘వచ్చే పరీక్షకు ఉత్తీర్ణత 80 శాతానికి పెంచాలి’ అని లక్ష్యం రాసి సంతకం పెట్టేవాణ్ని. ఆ రోజు ఎందుకో ఒక పెద్ద కాగితం తీసుకుని, పక్కన పిల్లల నంబర్లు, పైన ప్రశ్నల నంబర్లు వేసి గళ్లు గీశాను. సరిగ్గా చేసిన చోట టిక్కు, తప్పు చేసిన చోట అడ్డగీత, వదిలేసిన చోట సున్న పెట్టాను. తర్వాత ఆ కాగితాన్ని నిలువుగా చదివాను.

‘500లో 20 శాతం ఎంత?’ అన్న ప్రశ్న కింద టిక్కులే టిక్కులు. ‘ఒక వ్యాపారి ఒక వస్తువును ఇంతకు కొని, ఇంత లాభానికి అమ్మిన...’ అని మొదలయ్యే పద సమస్యల కింద సున్నలే సున్నలు. 26 మంది అసలు ముట్టుకోలేదు. ఆ 26 మందిలో 19 మంది ఉత్త శాతాల లెక్క సరిగ్గా చేసినవాళ్లే! మర్నాడు వాళ్లను కూర్చోబెట్టి అదే సమస్యను నేను నిదానంగా పైకి చదివి వినిపించాను. 15 మంది చేసేశారు. అంటే వాళ్లకు రానిది లెక్క కాదు, చదవడం. నాలుగు వాక్యాల తెలుగు చదివి అర్థం చేసుకోలేక లెక్కల్లో తప్పుతున్నారు. నేనేమో ఏళ్ల తరబడి వాళ్ల చేత ఎక్కాలు వల్లె వేయిస్తున్నాను!

అప్పుడు లక్ష్యం మార్చాను. ‘సంక్రాంతి సెలవుల లోపు ప్రతి ఒక్కరూ నాలుగు వాక్యాల సమస్యను తడబడకుండా చదివి, ఇందులో ఏమిచ్చారు, ఏమడిగారు అన్నది సొంత మాటల్లో చెప్పాలి.’ తెలుగు మాస్టారు రోజూ తన పీరియడులో పావుగంట ఇచ్చారు. హాస్టల్ పిల్లల్ని ఇద్దరిద్దరుగా జత చేసి సాయంత్రం స్టడీ అవర్‌లో ఒకరికొకరు చదివి చెప్పుకునేలా వార్డెన్ గారు చూశారు. సంక్రాంతి అయ్యాక అంతే కష్టమైన మరో పేపరు ఇచ్చాను. ఆ 26 మందిలో 14 మంది పద సమస్యలు చేశారు. 12 మందికి ఇంకా రాలేదు. వాళ్లను ఒక్కొక్కరినే పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తే, అయిదుగురికి ఒత్తులు, గుణింతాలే సరిగా రావని తేలింది. ఎనిమిదేళ్లు బడికొచ్చిన పిల్లలు! అది మా తర్వాతి లక్ష్యమైంది.

ఇదేమీ నేను కనిపెట్టిన విద్య కాదు. నిరంతర సమగ్ర మూల్యాంకనం ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టమే చెప్పింది. ప్రథమ్ సంస్థ 2005లో మొదలుపెట్టిన అసర్ సర్వేలో పిల్లల చేత అక్షరాలు, పదాలు, చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ వరసగా చదివిస్తారు. తీసివేతలు, భాగహారం చేయిస్తారు. దానికి పెద్ద ప్రశ్నపత్రం అక్కర్లేదు. పిల్లవాడి పక్కన అయిదు నిమిషాలు కూర్చునే ఓపిక ఉంటే చాలు.

కాగితం ఒక్కటే చాలదు

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. 2005 తర్వాత మన ఆంధ్రప్రదేశ్‌లోనే కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో పెద్ద అధ్యయనం చేశారు. అందులో భాగంగా పల్లెల్లోని 100 బడుల్లో పిల్లలకు పరీక్షలు పెట్టి, ఎవరు ఎక్కడ వెనకబడ్డారో టీచర్లకు వివరమైన నివేదికలు ఇచ్చారు. అప్పుడప్పుడు వెళ్లి తరగతులు గమనించారు. 2010లో అచ్చయిన ఫలితం ఏమిటంటే, గమనించడానికి మనిషి వచ్చినప్పుడు ఆ టీచర్లు ఎక్కువ శ్రద్ధగా పాఠం చెబుతూ కనిపించారు. కానీ సంవత్సరాంతంలో పిల్లల మార్కుల్లో, నివేదికలు ఇవ్వని బడులతో పోలిస్తే, తేడా ఏమీ లేదు!

ఇది చదివి నేను నిరుత్సాహపడలేదు. నాకు అర్థమైంది ఒకటే. జ్వరం ఎంతుందో థర్మామీటరు చెబుతుంది. మందు వేయాల్సింది మనిషే. ఫలానా పిల్లవాడికి ఒత్తులు రావని కాగితం మీద రాసినంత మాత్రాన వాడికి ఒత్తులు రావు. ఎవరు, ఏ సమయంలో, ఎన్ని రోజుల పాటు నేర్పుతారో పక్కనే రాయాలి. రాసినవాళ్లు చేయాలి. చేశాక మళ్లీ చూడాలి.

మన హాస్టల్ పిల్లల విషయంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. పరీక్ష పెట్టేది బడి, మార్కులు ఉండేది బడి బీరువాలో. పొద్దున, సాయంత్రం చదువుకునే గంటలు ఉండేది హాస్టల్లో. హెడ్మాస్టరు గారికి స్టడీ అవర్‌లో ఏం జరుగుతుందో తెలియదు. వార్డెన్ గారికి పిల్లవాడు ఏ ప్రశ్న దగ్గర ఆగిపోయాడో తెలియదు. పిల్లవాడేమో గంటన్నర సేపు పుస్తకం తెరిచి, తనకు వచ్చిన పాఠమే మళ్లీ మళ్లీ గట్టిగా చదువుతుంటాడు. రానిది అడగడానికి భయం. పైగా బడిలో ‘ఈ హాస్టల్ పిల్లల వల్లే మన శాతం పడిపోతోంది’ అనే మాట ఒకటి. ఆ మాట నేను విద్యార్థిగా విన్నాను, ఉపాధ్యాయుడిగా స్టాఫ్ రూములోనూ విన్నాను. లెక్క సరిగ్గా వేస్తే ఆ మాటకు జవాబు మన చేతిలో ఉంటుంది. మా పిల్లవాడు ఆరో తరగతికి వచ్చేటప్పటికి ఇక్కడున్నాడు, ఇప్పుడు ఇక్కడికి వచ్చాడు, ఈ మధ్య దూరం వాడు నడిచాడు అని తలెత్తుకుని చెప్పవచ్చు.

మనం చేయగలిగినవి

కొందరు మిత్రులు అంటారు: “ఇవన్నీ బాగానే ఉన్నాయి మాస్టారూ, రేపు కాలేజీలో సీటు ఇచ్చేటప్పుడు మార్కులే కదా అడుగుతారు!” నిజమే. మార్కులు వద్దని నేను అనడం లేదు. మార్కు రావడానికి ముందు రావాల్సింది చదువు అంటున్నాను. చదవడం వచ్చిన పిల్లవాడికి మార్కు వెనకే వస్తుంది. గైడు బట్టీ పట్టి 35 తెచ్చుకున్నవాడు ఇంటర్ మొదటి సంవత్సరంలోనే చతికిలబడటం మనం చూడలేదా?

కాబట్టి ఈ వార్షికోత్సవం నాడు నాలుగు మాటలు అనుకుందాం. ఒకటి, ప్రతి పరీక్ష తర్వాత వారం లోపు వార్డెన్ గారు, ట్యూటర్లు, బడి నుంచి ఒక ఉపాధ్యాయుడు ఒక గంట కూర్చోవాలి. ఏమి రాలేదు, ఎవరు నేర్పుతారు, ఎప్పటిలోగా అన్నది ఒక్క పేజీలో రాసుకోవాలి. ఒక విడతకు రెండు లక్ష్యాలు మించి వద్దు. పది పెడితే ఒక్కటీ జరగదు. రెండు, ఎవరికి ఏమి రాదో నలుగురిలో చదవకూడదు. ఆ సంగతి పిల్లవాడికి, నేర్పేవారికి తెలిస్తే చాలు. మూడు, గోడ మీద రాసే శాతం కింద ‘ఆరో తరగతిలో చేరినవారు ఇంతమంది, పదో తరగతి పాసైనవారు ఇంతమంది’ అని మరో వరస రాయాలి. మధ్యలో ఆగినవాడి ఇంటికి ఎవరు వెళ్లారో కూడా రిజిస్టరులో ఉండాలి. నాలుగోది పూర్వ విద్యార్థులకు. ఏటా మనం చందాలేసుకుని సీలింగు ఫ్యాన్లు, ప్లేట్లు కొనిస్తున్నాం, సంతోషం. దానితో పాటు నెలకొక్క ఆదివారం వచ్చి, ఇద్దరు పిల్లల పక్కన కూర్చుని చదివిద్దాం. పది మందిమి వస్తే ఇరవై మంది పిల్లలు. నా పేరు మొదట రాసుకోండి.

చివరగా తమ్ముళ్లకు ఒక మాట. అంబేద్కర్ గారు 1907లో మెట్రిక్యులేషన్ పాసైనప్పుడు ఆయనకు వచ్చిన మార్కులు 750కి 282 అని జీవిత చరిత్రకారుడు ధనంజయ్ కీర్ రాశాడు. శాతం కడితే 37.6. ఆ శాతం చూసి ‘నువ్వు వచ్చే ఏడు రాద్దువుగానిలే’ అని ఆ రోజు ఎవరైనా ఆయన పేరు కొట్టేసి ఉంటే? మీకు తక్కువ మార్కులొస్తే సిగ్గుపడకండి, దాచకండి. జవాబు పత్రం పట్టుకుని మాస్టారి దగ్గరికి వెళ్లి, ‘సార్, నాకు ఇక్కడ అర్థం కాలేదు’ అని అడగండి. అలా అడగడం మీ హక్కు.

ఆటో నడుపుతున్న నా మిత్రుడి కొడుకు ఇప్పుడు ఇదే హాస్టల్లో ఏడో తరగతి చదువుతున్నాడు. ఆ బాబు పేరు నామినల్ రోల్స్‌లో ఉండి తీరాలి. పరీక్ష రాసే రోజుకు వాడికి చదవడం వచ్చి ఉండాలి. ఇంకా మూడేళ్ల టైముంది. ఇప్పటినుంచే మొదలుపెడదాం.

— ఒక పూర్వ విద్యార్థి, గణిత ఉపాధ్యాయుడు