అన్నం పెట్టినోళ్లను మరిచిన పండుగ

నవంబర్ చివరికొస్తే అమెరికాలో ఉన్న మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పిల్లలు ‘హ్యాపీ థ్యాంక్స్‌గివింగ్’ అని స్టేటస్ పెడతరు. తప్పేం లేదు. కానీ ఆ పండుగ ఎవరి నేల మీద పుట్టిందో తెలియాలి.

1621లో ప్లిమత్‌కు వలసొచ్చిన ఇంగ్లిషోళ్లు తొలి పంట కోసుకున్నరు. మక్కజొన్న సాగు నేర్పింది అక్కడి ఆదివాసీలే. వాంపనోగ్ నాయకుడు మాససోయిట్ 90 మందితో వచ్చి, 5 జింకలు తెచ్చి, వాళ్లతో కలిసి తిన్నడు. 1676లో ఆయన కొడుకు మెటాకామెట్‌ను చంపి, తలను అదే ప్లిమత్‌లో గుంజకు గుచ్చిండ్రు. 1863లో లింకన్ దాన్ని దేశమంతటి పండుగ చేసిండు. 1970లో వాంపనోగ్ బిడ్డ ఫ్రాంక్ జేమ్స్ ఈ నిజం చెప్పబోతే ఆ ప్రసంగాన్ని ఒప్పుకోలేదు. అప్పటినుంచి ఏటా ఆ రోజే ఆదివాసీలు ప్లిమత్‌లో సంతాప దినం జరుపుతున్నరు.

మరి మన దగ్గర? 1955లో నాగార్జునసాగర్‌కు పునాది వేసిండ్రు. ఎడమ కాలువతో మిర్యాలగూడ, కోదాడ పొలాలు పచ్చబడ్డయి. డ్యాం వెనక నీళ్లలో మునిగినవాటిలో తండాలూ ఉన్నయి. వడ్లు మిల్లుకు తోలేటప్పుడు వాళ్లను తలుచుకునేది ఎవరు?

సీత్లా పండుగకు తండా అంతా కలిసి పశువులు, పంటలు చల్లగుండాలని మొక్కుతం. ఈసారి ఆ రోజు మీ తాతను, అవ్వను కూర్చోబెట్టి అడగండి: మన భూమి ఎక్కడుండె, ఎట్ల పోయింది? చెప్పింది రాసిపెట్టండి. మనం రాయకపోతే మన కథ కూడా వేరేటోళ్ల పండుగైపోతది.

జై ఆదివాసీ!