రెడ్ అలర్ట్ వచ్చింది.. మరి ఆఫీస్ మెసేజ్ ఎక్కడ?

భారీ వర్షం అనగానే హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో అందరిదీ ఒకటే ప్రశ్న.. ఇవాళ వర్క్ ఫ్రమ్ హోమ్ ఇస్తారా, లేదా? 2023 జులై వానల్లో ఐటీ ఉద్యోగులు మూడు దశల్లో లాగౌట్ అయ్యేలా చూడాలని సైబరాబాద్ పోలీసులు కంపెనీలకు సూచించారు. అందరూ ఒకేసారి రోడ్డెక్కితే ట్రాఫిక్ ఎక్కడికక్కడ ఆగిపోతుంది కాబట్టి. కానీ ఆ మాట ఉద్యోగికి టైమ్‌కి చేరకపోతే ఏం లాభం?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. వాతావరణ శాఖ లెక్కలో ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండండి అని, రెడ్ అంటే చర్యలు తీసుకోండి అని. రెడ్ వచ్చాక మెయిల్ రాయడం మొదలుపెడితే, హెచ్‌ఆర్ నుంచి పైవాళ్ల దాకా ఓకే చెప్పేలోపు రోడ్లు మునిగిపోతాయి.

పైగా ‘మీ మేనేజర్‌తో మాట్లాడుకోండి’ అని పంపితే భారమంతా ఉద్యోగి మీద వేసినట్టే. రావాలా వద్దా, క్యాబ్ ఉందా లేదా, జీతం కట్ అవుతుందా.. ఈ మూడింటికీ సూటిగా జవాబు ఉండాలి. ఇక సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ సిబ్బంది, క్యాబ్ డ్రైవర్లలో చాలామందికి కంపెనీ మెయిలే ఉండదు. వాళ్లకు ఫోన్ చేసి చెప్పాల్సిందే.

ఆరెంజ్ నాడే మెసేజ్ రెడీగా ఉంటే, రెడ్ రాగానే పంపేయొచ్చు. మీ ఆఫీసులో ఈ ఏర్పాటు ఉందా? వాన పడకముందే అడగండి.