ఇంట్లో చేసే స్ప్లిటర్‌కు ప్లైవుడ్డే మేలు

ట్రాక్ మీద నడిపేందుకు కారును సొంతంగా సిద్ధం చేసుకునేవారికి తరచూ వచ్చే సందేహం ఇది: ముందు బంపర్ కింద బిగించే స్ప్లిటర్‌ను దేనితో చేయాలి? చాలామంది చూపు కార్బన్ ఫైబర్ మీదికే పోతుంది. ఇంట్లో చేసుకునే పనికి మాత్రం మంచి ప్లైవుడ్డే సరైనదని నా అభిప్రాయం.

స్ప్లిటర్ అంటే నేలకు సమాంతరంగా ముందుకు పొడుచుకొచ్చే పలక. దాని పైభాగాన గాలి నెమ్మదించి పీడనం పెరుగుతుంది. కింద గాలి వేగంగా సాగడంతో పీడనం తగ్గుతుంది. ఈ తేడాయే ముందు చక్రాలను నేలకు అదుముతుంది. గంటకు 150 కి.మీ. వేగంలో గాలి గతిక పీడనం చదరపు మీటరుకు దాదాపు 1,000 న్యూటన్లు, అంటే సుమారు 100 కిలోల బరువుతో సమానం. వేగం రెట్టింపైతే అది నాలుగింతలవుతుంది. ఆ ఒత్తిడికి పలక వంగితే మలుపు మధ్యలో టైర్ల పట్టు మారిపోతుంది.

పలక బిగువు దాని మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 3 మి.మీ. అల్యూమినియం రేకు, 12 మి.మీ. ప్లైవుడ్ బరువులో దాదాపు సమానం: చదరపు మీటరుకు 8 కిలోల పైచిలుకు. అల్యూమినియం యంగ్ గుణకం 70 గిగాపాస్కల్స్, ప్లైవుడ్‌ది 8 ప్రాంతం. అయినా నాలుగింతల మందం వల్ల ప్లైవుడ్ బిగువు ఏడు రెట్లు ఎక్కువ.

ఈ బలం కిటుకు సూరత్‌కు కొత్త కాదు. లింబాయత్‌లో మరమగ్గాలపై పనిచేసే మన తెలుగువారికి తెలుసు, పడుగు ఒక్కటే ఉంటే గుడ్డ కాదు, పేక అడ్డంగా పడాలి. చెక్కకూ నార వెంటే బలం. అందుకే ప్లైవుడ్‌లో ఒక పొర నారను పక్క పొరకు అడ్డంగా పెట్టి అతికిస్తారు.

కార్బన్ ఫైబర్ తేలికైనదే, బిగువైనదే. కానీ వాక్యూమ్ లేకుండా చేత్తో పరిచిన పొరల మధ్య గాలిబుడగలు మిగిలిపోతాయి. దెబ్బ తగిలితే అది ఉన్నట్టుండి పగిలి, పదునైన పెచ్చులు ట్రాక్ మీద పడతాయి. అప్పుడు ప్రమాదం వెనక వచ్చేవారికి. ఇక కార్బన్‌లా కనిపించే స్టిక్కర్ అంటించిన పలచని ప్లాస్టిక్ పలకలంటారా, పైన పటారం, లోన లొటారం.

చెక్క అంటే నామోషీ అక్కర్లేదు. సెన్నా మరణించిన 1994లోనే ఫార్ములా వన్ కార్ల అడుగున 10 మి.మీ. పలకను తప్పనిసరి చేశారు. చెక్క పొరలను రెసిన్‌తో నొక్కి దాన్ని తయారుచేసేవారు. ఆ అడుగు పలక పరిమితికి మించి అరిగినందుకే 2023 అమెరికా గ్రాండ్ ప్రిలో హామిల్టన్, లెక్లేర్‌లపై అనర్హత వేటు పడింది.

ప్లైవుడ్‌కు శత్రువు తేమ. సూరత్ వానాకాలంలో కోసిన అంచులు నీరు పీల్చి ఉబ్బుతాయి. కాబట్టి ఐఎస్ 710 మెరైన్ ప్లై కొనండి, అంచులకూ బోల్టు రంధ్రాలకూ ఎపాక్సీ పూయండి. బంపర్ ప్లాస్టిక్‌కు కాకుండా ఛాసిస్‌కే బిగించండి. ట్రాక్‌కు వెళ్లేముందు అంచు మీద నిలబడి చూడండి. మీ బరువుకే అది వంగితే, తప్పు పదార్థానిదో బిగింపుదో తేల్చుకున్నాకే కారు తీయండి.