తెర ఎనుక కూసున్నోళ్లం

ఈ మధ్య ఆదివారం అనుబంధాల్లో ఒక రకం రాతలు ఎక్కువైనయి. 'ఆ రోజులే వేరు' అని మొదలుపెడ్తరు. ఊరి నడుమ తెల్లబట్ట కట్టి పుక్కట్ల సినిమా ఏసేవాళ్లట. కులం లేదు, మతం లేదు, ఊరు ఊరంతా ఒక్కకాడ కూసొని చూసేదట. చాపలు, పల్లీలు, వెన్నెల. ఇప్పుడు టీవీలొచ్చి, సెల్‌ఫోన్లొచ్చి మనుషులు విడిపోయిండ్రట. మళ్లీ చౌరస్తాల్లో ఉచితంగా సినిమాలు వేస్తే ఊరు కలుస్తదట.

ఎన్నడు కలిసి ఉన్నదని మళ్లీ కలుస్తది?

నేను ఇబ్రహీంపట్నం తాలూకా మాదిగోణ్ణి. ఆ తెల్లబట్టను నేనూ చూసిన. అవుతలి దిక్కు నుంచి చూసిన. మీరు రాసే ఆ 'ఊరంతా'ల మేము లేము. లేమన్న సంగతి కూడా మీకు యాదికి లేదు. నా కొట్లాట అక్కడినుంచే.

మా తాలూకా 1978ల రంగారెడ్డి జిల్లా పుట్టేదాకా హైదరాబాద్ జిల్లాలనే ఉండె. సాగర్ రోడ్డు మీద బస్సెక్కితే పట్నం ఎంతో దూరం లేదు. అయినా మా ఊరికి సినిమా అంటే ఏడాదికి రెండుసార్లో మూడుసార్లో వచ్చే సర్కారు వ్యానే. వ్యాను పొద్దుగూకంగ కచ్చీరు ముందర ఆగేది. ఆగంగనే మా నాయినకు పిలుపు. డప్పు కాపి, సందు సందు తిరిగి చాటింపెయ్యాలె. "ఇనుండ్రయ్యో! ఇయ్యాల రాత్రి బొడ్రాయి కాడ సర్కారు సినిమా! పైస లేదు! అందరు రావాలెనయ్యో!" ఆ 'అందరు' అన్న మాట మా నాయిన నోట్లకెళ్లే వచ్చేది. ఆ డప్పుకు కూలి లేదు. సర్కారు పనికి కూలి అడుగుడేంది అనేటోళ్లు. గుంజలకు గుంతలు తవ్వింది మా చిన్నాయినలు. జనరేటర్ దించి మోసింది వాళ్లే. కట్టిన తాడు మా వాళ్లు పేనిందే. తెల్లబట్ట ఉతికి తెచ్చేది చాకలాయన, ఆయనకూ ఏమీ లేదు. ఉచిత సినిమా అంటే ఇది. చూసేటోనికి ఉచితం, చూపెట్టేటోనికి జీతం, నడుమ మాకు వెట్టి.

తెర మొఖం కచ్చీరు అరుగు దిక్కు ఉండేది. అరుగు మీద పటేలు, పట్వారి కుర్చీలు. దాని కింద కాపోళ్ల చాపలు. వాళ్ల ఎనుక తక్కిన కులాలు. ఆడోళ్లు ఒక పక్కన. మరి మేము? రావద్దని ఎవలూ అనలేదు, అబద్ధమెందుకు. "తెర ఎనుక నుంచి గూడ మంచిగ కనపడ్తది పోండ్రి" అన్నరు. అంతే. తరతరాలుగా అందరికీ తెలిసిన జాగ అది. అక్కడ గీత గియ్యాల్సిన పని లేదు.

తెర ఎనుక నుంచి సినిమా ఎట్లుంటదో మీలో ఎందరికి తెలుసు? బొమ్మ తిరగబడ్తది. కుడి ఎడమైతది. హీరో ఎడమచేత్తో అన్నం తింటడు, ఎడమచేత్తో తాళి కడ్తడు. మా అవ్వ పల్లీలు నములుకుంట, "వీళ్లందరు పుర్రచేతోళ్లేందిరా" అని అడిగేది. బట్ట వడగట్టిన వెలుతురు సగమే మాకొస్తది. మిషను బల్బు మాత్రం బట్టలకెళ్లి నేరుగా మా కండ్లల్ల పొడుస్తది. గాలికి బట్ట ఉబ్బితే మనుషుల మొఖాలు వంకర్లు పోతయి. నాకప్పుడే అచ్చరాలు కూడబలుక్కుంట చదువుడు వస్తున్నది. తెర మీద పేర్లు పడితే మురిపెంగ చదువబోయేది. ఒక్క అచ్చరం సక్కగ ఉండేది కాదు. బడిల పంతులు నేర్పిన అచ్చరాన్ని బొడ్రాయి కాడ ఊరు తిప్పేసేది.

ఒకసారి అంటరానితనం మీద చిన్న సినిమా వేసిండ్రు. సర్కారుదే. బావి కాడ అందరు కలిసి నీళ్లు చేదుకుంటరు, గుడి తలుపులు తెరుచుకుంటయి. ఆఖర్న పెద్ద అచ్చరాలు పడ్డయి. మాకు తిరగబడే పడ్డయి. కానీ మాట తిరగబడదు గదా. 'అంటరానితనం నేరం' అని మైకుల గొంతు మాకు సక్కగనే ఇనపడ్డది. తెర ముందర కూసున్నోళ్లకూ ఇనపడ్డది. ఎవలూ లేవలేదు. మిషను ఆడించేటాయన ఆ రాత్రి పటేలు ఇంట్ల తిని, తెల్లారి వ్యానెక్కి పోయిండు.

ఇది ఒక్క ఊరి పెడసరం కాదు. రాజ్యాంగం 1950 నుంచి అమల్లో ఉంది. అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణ అందరికీ కంఠతా వస్తుంది. 15వ అధికరణ రెండో భాగం ఎందరు చదివారు? దుకాణాలు, హోటళ్లతో పాటు సార్వజనిక వినోద స్థలాల్లో కూడా కులం పేరుతో ఎవరినీ అడ్డగించరాదని అందులో రాసి ఉంది. 1955 చట్టం దాన్ని శిక్షించదగ్గ నేరం చేసింది. ఫిల్మ్స్ డివిజన్ 1948లో పుట్టింది. పంచవర్ష ప్రణాళికలను ఊరూరా చాటడానికి కేంద్రం 1953లో ప్రచార దళాలను పెట్టింది. అంటే సినిమా తీసిందీ సర్కారే, వ్యాను పంపిందీ సర్కారే, చట్టం చేసిందీ సర్కారే. తెర ఎక్కడ కట్టాలన్నది మాత్రం ఊరి పెద్దలకు వదిలేశారు.

1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు టెలివిజన్ చూపించారు. ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. గొప్ప ప్రయోగమని ఇప్పటికీ పాఠాలు చెప్తారు. నిజమే, ఆకాశంలకెళ్లి వచ్చే బొమ్మకు కులం లేదు. కానీ ఆ బొమ్మను పట్టే పెట్టెను భూమ్మీద ఎక్కడో ఒకచోట పెట్టాలె గదా! మా దేశంల 'అందరికీ' అన్న జాగ ఊరి నడుమనే ఉంటది. వాడ ఊరవుతలుంటది.

టికెట్టు కొన్నా తప్పలేదు. 1991 జూలైలో చుండూరు సినిమా హాల్లో ఒక దళిత విద్యార్థి కాలు ఒక రెడ్డి యువకునికి తగిలింది. సినిమా హాల్లో కాలు తగలని మనిషెవడు? ఆ కాలు దగ్గర మొదలై, ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికి గోనెసంచుల్లో కుక్కి నీళ్లల్ల పారేసేదాకా పోయింది. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. మలయాళంలో తొలి సినిమా 'విగతకుమారన్'లో నాయర్ స్త్రీ వేషం వేసిన పి.కె. రోజీ దళిత మహిళ. తెర మీద రాళ్లు పడ్డయి, ఆమె ఊరిడిచి పారిపోవాల్సొచ్చింది. తెర ముందర కూసున్నా తప్పే, తెర మీద కనపడ్డా తప్పే. ఇక మిగిలింది తెర ఎనుకే.

ఇబ్రహీంపట్నం 2009 ఎన్నికల ముందు వరకు ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. మావోళ్లే ఎమ్మెల్యేలు. అసెంబ్లీల కుర్చీ దొరికింది గానీ బొడ్రాయి కాడ చాప దొరకలేదు.

ఎనభైల ఆఖర్ల మా వాడ పిలగాండ్లం సంఘం పెట్టినం. ఇంటికి రెండు రూపాయలు పోగేసి, పట్నం పోయి రంగుల టీవీ, వీసీఆర్ కిరాయికి తెచ్చినం. 1979ల గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి' క్యాసెట్టు దొరికింది. యాపచెట్టు కింద పెట్టినం. మా నాయిన టాకీసు మొఖం ఎరుగనోడు. అందరికన్న ముందు కూసున్నడు. కొంచెం సేపు చూసి, "ఈళ్లు కుడిచేత్తోనే తింటుండ్రు గదరా" అన్నడు. నవ్వినోళ్లు నవ్విండ్రు. నాకు నవ్వు రాలేదు.

ఊరి పిల్లలు పది మంది దాకా వచ్చి దూరం నిలబడ్డరు. రాండ్రి, కూసోండ్రి అని చాప పరిచినం. కూసున్నరు గూడ. సినిమా సగం కాకముందే వాళ్ల అవ్వలొచ్చి రెక్క పట్టి గుంజుకపోయిండ్రు. తెల్లారి పెద్దమనుషుల పిలుపు. వాళ్లన్న మాట ఇనుండ్రి: "మీ వాడల ఒక్కలే చూసుడేంది? ఊరందరికి పనికొచ్చేది బొడ్రాయి కాడ పెట్టాలె, అందరు చూడాలె." మా నాయిన చాటింపుల మాటనే! ఇరవై ఏండ్లు మమ్ముల తెర ఎనుక కూసోబెట్టినోళ్లకు, మా పైసలతోని టీవీ వచ్చినాడు 'అందరు' యాదికొచ్చిండ్రు. మేము ఇయ్యమన్నం. నాలుగు రోజులు మమ్ముల కూలికి పిలువలేదు. అయిదో రోజు నాట్లు ఆగినయి, వాళ్లే వచ్చి పిలిచిండ్రు.

అది పాత ముచ్చట, ఇప్పుడు ఎవరడ్డం అంటున్నారు అని మీరు అడుగుతారు. సరే. 2000ల జబ్బార్ పటేల్ అంబేద్కర్ మీద తీసిన సినిమా సర్కారు సొమ్ముతో తీసిందే. ఏ బండి దాన్ని మా బొడ్రాయి కాడికి తెచ్చింది? ప్రపంచంలోకెల్లా పెద్దదని గిన్నిస్‌కెక్కిన ఫిల్మ్ సిటీ 1996 నుంచి మా పక్కనే ఉంది. అంత పెద్ద సినిమా ఊరు పక్కన పెట్టుకొని మా వాడ కథ ఎన్ని సినిమాలల్ల చూసినం? ఎలక్షన్లప్పుడు ఎల్‌ఈడీ తెరల బండ్లు మా వాడకూ వస్తయి. ఓట్లు అడిగేటప్పుడు తెర మొఖం మా దిక్కే ఉంటది.

మొన్న కొందరు విద్యార్థులు వచ్చిండ్రు. మంచి పిల్లలు. చౌరస్తాల నెలకొక సినిమా పుక్కట్ల ఏస్తం, చందా రాయి అన్నా అన్నరు. నేను అడిగిన. తెర మొఖం ఏ దిక్కు? గుంజలు ఎవలు పాతుతరు, వాళ్లకు కూలెంత? డప్పు కొట్టేటాయనకు ఎంతిస్తరు? సినిమా ఎవలు ఎంచుతరు? ఒక నెల చౌరస్తాల అయితే, మరుసటి నెల మాదిగవాడల యాపచెట్టు కింద వేస్తరా? ఊరోళ్లు నడిచి అక్కడికి వస్తరా? పిల్లలు ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు. అడిగి చెప్తమన్నరు. ఎవలను అడుగుతరో నేను అడగలేదు. చందా పుస్తకం ఇంకా నా కాడనే ఉంది.