పేరిన నెత్తురు, పేరులోని పొరపాటు



వ్యాధికి పెట్టిన పేరు సరిగా లేకపోతే రోగికే చేటు. పండితుడికి శబ్దం మీద పట్టింపు ఎక్కువని నవ్వకండి. దీనికి ఉదాహరణ మన పొలంగట్టు పాము దగ్గరే మొదలవుతుంది.

విశాఖపట్టణంలో కొన్నేళ్ళు నివసించిన స్కాట్లండు వైద్యుడు పాట్రిక్ రస్సెల్, కోరమాండల్ తీరపు సర్పాల మీద 1796లో ఒక గ్రంథం ప్రకటించాడు. అందులో ఒక పాముకు ఇక్కడి జనం వాడే తెలుగు పేరే వ్రాశాడు: 'కాటుక రేకుల పొడ'. పొడ అంటే మచ్చ. చూచిన కన్ను పెట్టిన పేరు కనుక అందులో అబద్ధం లేదు. నేడు శాస్త్రలోకం దానిని రస్సెల్ పేరుతో పిలుస్తుంది. మా జంగారెడ్డిగూడెం రైతులకు అది రక్తపింజరి.

నెత్తురు పేరుకోవడానికి మన ఒంట్లో కొన్ని మాంసకృత్తులు ఒకదానినొకటి మేల్కొలుపుతూ పోతాయి. చివరకు ఫైబ్రినోజెన్ దారాలుగా అల్లుకొని నెత్తురు గడ్డకడుతుంది. రక్తపింజరి విషం ఈ వరుసలో అయిదవ, పదవ కారకాలను ఒక్కసారిగా రెచ్చగొడుతుంది. సరుకంతా ఖర్చయిపోయి, ఆ పైన నెత్తురు గడ్డకట్టదు. అందుకే పాము కరచినవారి నెత్తురును పొడి గాజుగొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచి చూస్తారు.

ఇదే విషాన్ని పలుచన చేసి, 1986 నుండి మరొక వ్యాధిని పట్టడానికి వాడుతున్నారు. లూపస్ వంటి శోథ వ్యాధులలో శరీరం తన మీదనే తిరగబడుతుంది. కొందరిలో పుట్టే ప్రతిరక్షకాలు పరీక్షనాళికలో నెత్తురు గడ్డకట్టడాన్ని ఆలస్యం చేస్తాయి. అది చూచి 1972లో వాటికి 'లూపస్ యాంటీకోయాగులెంట్' అని పేరు పెట్టారు, అంటే గడ్డకట్టనీయనిది. కానీ ఒంట్లో అవి చేసేది సరిగ్గా విరుద్ధం! కాలి సిరలో, మెదడులో, గర్భిణి మాయలో నెత్తురు పేరుకొనేలా చేస్తాయి. పైగా ఇవి ఉన్నవారిలో చాలామందికి లూపస్ ఉండదు. రెండు పదాల పేరులో రెండూ తప్పులే.

శోథ రగిలినప్పుడు కాలేయం ఫైబ్రినోజెన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది, నాళాల లోపలి పొర తన నునుపుదనాన్ని కోల్పోతుంది. ప్రమాదం ఇంకా పెరుగుతుంది. అటువంటి రోగి తన రిపోర్టులో 'యాంటీకోయాగులెంట్ ఉన్నది' అని చదువుకొని, "నా నెత్తురు అసలే గడ్డకట్టదట, మళ్ళీ ఈ మాత్ర దేనికి?" అని మానివేస్తే ప్రాణం మీదకు వస్తుంది.

మన తెలుగు మాటలూ తక్కువ తినలేదు. 'రక్తం పలచబరచే మందు' అంటున్నాం. వార్ఫరిన్ నెత్తురును పలుచన చేయదు, గడ్డకట్టడాన్ని నిదానింపజేస్తుంది. 'కాలిలో గడ్డ' అంటే పల్లెలో సెగగడ్డ అనుకొని కాపడం పెడతారు, మర్దనా చేస్తారు. ఒక కాలే వాచి నొప్పిపెడుతుంటే చేయరాని పని అదే, వెంటనే ఆసుపత్రికి పోవాలి.

పేరిన నెయ్యి తెలియని తెలుగిల్లు లేదు. 'కాలి నరంలో నెత్తురు పేరుకుంది, అది పెరగకుండా ఈ మాత్ర. డాక్టరు చెప్పకుండా మానకూడదు' అంటే అవ్వకైనా అర్థమవుతుంది. అంతర్జాతీయ నామాన్ని మనం మార్చలేము. దాని ప్రక్కన ఒక నిజమైన తెలుగు వాక్యం చెప్పడం మాత్రం వైద్యుల చేతిలోనూ, వ్రాసే మన చేతిలోనూ ఉన్నది.

మీ ప్రాంతంలో దీనికి ఇంతకంటే మంచి మాట ఉంటే వ్యాఖ్యలో తెలుపగలరు.